గుండెకు తుపాను హెచ్చరిక

బందరులో ఒక ఎత్తయిన కట్టడం నెత్తిన పెద్ద బంతి ఒకటి కూర్చుని ఉంటుంది. కొత్తగా చూసినవాళ్ళు అదేదో నీళ్ళ ట్యాంకు అనుకుంటారు. దాని కడుపులో ఉన్నది నీళ్ళు కావు, గిరగిరా తిరిగే ఒక పెద్ద పళ్ళెం. ఆ పళ్ళెం సముద్రం వైపు రేడియో తరంగాలను విసురుతుంది. అవి కొన్ని వందల కిలోమీటర్ల దూరం పోయి, మబ్బుల్లోని వానచినుకులకు తగిలి, వెనక్కి వస్తాయి. వచ్చిన తరంగాన్ని చూసి, మబ్బు ఎంత దూరంలో ఉందో, అందులో గాలి ఎంత వేగంతో తిరుగుతోందో చెప్పవచ్చు. దీని పేరు డాప్లర్ రాడారు. బందరులో దీన్ని 2004లో పెట్టారు.

బందరుకే ఎందుకు పెట్టారో దివిసీమలో ఏ తాతగారిని అడిగినా చెబుతారు. 1977 నవంబరు 19న సముద్రం ఐదారు మీటర్ల ఎత్తున లేచి పల్లెల మీద పడింది. పదివేల మందికి పైగా పోయారు. తుపాను వస్తోందని వాతావరణశాఖకు తెలియకపోలేదు. కాని అది సరిగా ఎక్కడ తాకుతుందో, ఎంత ఉప్పెన తెస్తుందో చెప్పే కన్ను అప్పుడు లేదు. తెలిసిన ఆ కాస్తా కూడా పల్లెలకు వేళకు అందలేదు. 2013 నవంబరులో హెలెన్ తుపాను బందరు దగ్గరే తీరం దాటింది. అప్పటికి కన్నూ ఉంది, కబురు అందించే దారులూ ఉన్నాయి. ముందే జనాన్ని ఖాళీ చేయించారు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి రాడారే ఒకటి, చాలా చిన్నది, ఆసుపత్రిలో ఉంటుంది. అది చూసేది సముద్రాన్ని కాదు, మనిషి గుండెను.

దివిసీమలో ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయికి రక్తక్యాన్సరు వచ్చిందనుకోండి. నాన్న ఆమెను పట్నం తీసుకువెళ్ళాడు. డాక్టరు కాగితాలన్నీ చూసి, “మందు మొదలుపెట్టే ముందు పాప గుండెకు ఎకో తీయించుకు రండి” అన్నాడు.

“జబ్బు రక్తంలో ఉంటే గుండెకు పరీక్ష దేనికండీ డాక్టరుగారూ? మా అమ్మాయి గుండెకేం రోగం లేదే!” అన్నాడు నాన్న.

ఆయన అడిగినదాంట్లో తప్పేం లేదు. గుండెకు ఇప్పుడు ఏ రోగమూ లేదు. అందుకే ఇప్పుడు చూడాలి. ఇదెక్కడి తర్కం అంటారా? కాస్త వెనక నుంచి మొదలుపెడదాం.

భీమవరం కుర్రవాడు

గుడివాడ జంక్షనులో బందరు వెళ్ళే బండి దిగి, ఇంకో బండి ఎక్కితే భీమవరం చేరతాం. 1895లో అక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు క్యాన్సరు మందుల చరిత్రలో మొదటి పేజీలోనే కనిపిస్తాడు. ఆయన మదరాసులో వైద్యం చదివి, అమెరికా వెళ్ళి, 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరాడు. అక్కడ ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం అనే విటమినును ప్రయోగశాలలో తయారుచేసింది. కొత్త జీవకణాలు పుట్టాలంటే ఈ విటమిను ఉండి తీరాలి. తరవాత వాళ్ళే దానికి నకలు పదార్థాలు కూడా చేశారు. చూపుకు ఫోలిక్ ఆమ్లంలాగే ఉంటాయి, పని మాత్రం చేయవు. తాళంలో దూరి ఇరుక్కుపోయే దొంగ తాళంచెవి లాంటివన్నమాట.

బోస్టన్ నగరంలో సిడ్నీ ఫార్బర్ అనే పిల్లల డాక్టరు ఆ దొంగ తాళంచెవుల్లో ఒకటైన అమినాప్టెరిన్‌ను రక్తక్యాన్సరు పిల్లలకు ఇచ్చి చూశాడు. 1948లో ఫలితాలు ప్రకటించాడు. 16 మంది పిల్లల్లో 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. కొద్ది నెలలకు మళ్ళీ తిరగబెట్టిందనుకోండి. అయినా, అంతవరకూ ఆ జబ్బుకు మందన్నదే లేదు. అమినాప్టెరిన్‌కు తమ్ముడైన మెథోట్రెక్సేట్‌ను ఈనాటికీ వాడుతున్నారు. సుబ్బారావు ఆ సంవత్సరమే ఆగస్టులో చనిపోయాడు. గుండె ఆగిపోయి!

మీ ఊళ్ళో వరిచేలో ఊద మొలిస్తే కలుపుమందు చల్లుతారు కదా. మంచి కలుపుమందు అంటే ఏమిటి? ఊదను చంపాలి, వరిని వదలాలి. కాని రెండూ గడ్డిజాతివే. మోతాదు కాస్త మించితే వరి కూడా పచ్చబడుతుంది. క్యాన్సరు మందుల కష్టమూ ఇదే. క్యాన్సరు కణమూ మన కణమే. అది అదుపు లేకుండా విభజన చెందుతుంది, అంతే తేడా. అందుకని, విభజన చెందే కణాలను పట్టి చంపే మందులు ఇస్తారు. జుట్టు మొలిపించే కణాలూ, పేగుల లోపలి పొర కణాలూ కూడా జోరుగా విభజన చెందుతూంటాయి కనక వాటికీ దెబ్బ తగులుతుంది. జుట్టు ఊడుతుంది, వాంతులవుతాయి. మందు ఆపాక జుట్టు మళ్ళీ వస్తుంది.

ఇంతవరకు లెక్క సరిపోయింది. మరి గుండె కండరం? అది దాదాపు విభజనే చెందదు. ఈ లెక్క ప్రకారం దానికి ఏ భయమూ ఉండకూడదు. అలాగే అనుకున్నారు, ఒక ఎర్రమందు వచ్చేదాకా.

మట్టిలో దొరికిన కెంపు

తొలకరి జల్లు పడగానే మట్టివాసన వస్తుంది కదా. ఆ వాసన మట్టిది కాదు. మట్టిలో కాపురముండే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు తయారుచేసే ఒక పదార్థానిది. అవి వాసనతో ఊరుకోవు, తోటి సూక్ష్మజీవులను తరిమేందుకు రకరకాల విషాలు కూడా తయారుచేస్తాయి. ఆ విషాలే మనకు మందులు. సుబ్బారావు పరిశోధనలకు పెద్దగా ఉన్న రోజుల్లో లెడర్లీలో బయటపడిన ఆరియోమైసిన్ కూడా ఇలా మట్టిలోని స్ట్రెప్టోమైసిస్ నుంచి వచ్చినదే.

1950ల చివర ఇటలీలో ఫార్మిటాలియా అనే కంపెనీవాళ్ళు క్యాన్సరు మందు కోసం మట్టి నమూనాలు వెతికారు. దక్షిణ ఇటలీలో కాస్టెల్ డెల్ మాంటే అనే పాత కోట దగ్గర తీసిన మట్టిలో ఒక స్ట్రెప్టోమైసిస్ దొరికింది. అది నిగనిగలాడే ఎర్రరంగు పదార్థాన్ని ఊరబెట్టింది. ఎలుకల్లో క్యాన్సరు గడ్డలను అది బాగా కరిగించింది. అదే సమయంలో ఫ్రాన్సులో ఇంకొకరు అదే పదార్థాన్ని కనుక్కున్నారు. ఇద్దరి పేర్లూ కలిపి డౌనోరుబిసిన్ అన్నారు. ‘డౌని’ అంటే ఆ ఇటలీ ప్రాంతంలో పూర్వం ఉండిన ఒక తెగ. ‘రుబి’ అంటే కెంపు. ఆ సూక్ష్మజీవిలోనే కొంచెం మార్పు తెచ్చి, ఇంకా గట్టి మందు డోక్సోరుబిసిన్ చేశారు. దగ్గర్లో ఉన్న ఏడ్రియాటిక్ సముద్రం పేరున దానికి ఏడ్రియామైసిన్ అని వ్యాపారనామం పెట్టారు. మన తీరంలో దొరికి ఉంటే ‘బంగాళామైసిన్’ అనేవారేమో!

ఈ ఎర్రమందులు నిజంగా గొప్పవి. రక్తక్యాన్సరు, రొమ్ముక్యాన్సరు, ఎముకల క్యాన్సరు, ఎన్నింటికో పనిచేశాయి, ఇప్పటికీ చేస్తున్నాయి. కాని 1960ల చివరికే ఒక చేదు సంగతి తెలిసివచ్చింది. క్యాన్సరు తగ్గిన కొందరు పిల్లలు కొన్ని నెలల తరవాత ఆయాసంతో, కాళ్ళవాపుతో తిరిగి వచ్చారు. క్యాన్సరు కాదు, గుండె నీరసించిపోయింది.

1979లో అమెరికాలో వాన్ హాఫ్ అనే వైద్యుడూ, ఆయన సహచరులూ డోక్సోరుబిసిన్ తీసుకున్న 3,941 మంది రికార్డులను తిరగేశారు. ఈ మందును శరీర వైశాల్యాన్ని బట్టి కొలుస్తారు, ఒక చదరపు మీటరు చర్మానికి ఇన్ని మిల్లీగ్రాములని. ఒక్కో విడతా కలుపుకుంటూ పోతే మొత్తం 400 మిల్లీగ్రాములు చేరేసరికి నూటికి ముగ్గురికి, 550 చేరేసరికి ఏడుగురికి, 700 చేరేసరికి పద్దెనిమిది మందికి గుండె చెడింది. గీత గీసి చూడండి, అది నిటారుగా పైకి లేస్తుంది. 2003లో ఇంకొక బృందం మరింత జాగ్రత్తగా లెక్క కడితే అవే మోతాదుల దగ్గర 5, 26, 48 వచ్చాయి! మొదటిసారి కంటే చాలా ఎక్కువ. సరిగా వెతికితే ఎక్కువ కనిపిస్తుందన్నమాట. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

గుండెకే ఎందుకు తగులుతుంది? మన డి.ఎన్.ఎ. పురి చాలా బిగిసిపోయినప్పుడు దాన్ని తెగ్గొట్టి, విప్పి, మళ్ళీ అతికించే ఒక ఎంజైము ఉంది. పేరు టోపోఐసోమరేజ్. ఎర్రమందు ఆ ఎంజైమును తెగ్గొట్టిన చోటే బిగించేస్తుంది. అతుకు పడదు, కణం చస్తుంది. విభజన చెందే కణాల్లో ఈ ఎంజైముది ఒక రకం ఉంటుంది. దాని తోబుట్టువు రకం ఒకటి గుండె కణాల్లోనూ ఉంటుందనీ, మందు దాన్నీ పట్టుకుంటుందనీ 2012లో ఎలుకల మీద ప్రయోగాలతో తేల్చారు. ఈ మందు ఇనుముతో చేరి, కణంలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాలను కాల్చే కణికలను పుట్టిస్తుందని కూడా అంటారు. గుండె నిమిషానికి డెబ్భై సార్లు కొట్టుకునే కండరం కనక దాన్నిండా మైటోకాండ్రియాలే.

ఊడిన జుట్టు మొలిచినట్టు గుండె కండరం మళ్ళీ మొలవకూడదా? స్వీడనులో శాస్త్రజ్ఞులు దీన్ని 2009లో చిత్రమైన పద్ధతిలో తేల్చారు. 1950లలో, 60లలో జరిపిన అణుబాంబు పరీక్షలవల్ల గాలిలో కార్బన్-14 ఒక్కసారి పెరిగి, తరవాత తగ్గుతూ వచ్చింది. కణం పుట్టినప్పటి కార్బనే దాని డి.ఎన్.ఎ.లో ఉండిపోతుంది. అంటే ప్రతి కణం మీదా పుట్టినతేదీ రాసిపెట్టి ఉన్నట్టే! ఆ తేదీలు చదివితే, ఇరవై అయిదేళ్ళ మనిషి గుండె కండర కణాల్లో ఏడాదికి కొత్తగా పుట్టేవి నూటికి ఒకటేననీ, డెబ్భై అయిదేళ్ళకు అందులో సగం కూడా ఉండవనీ తేలింది. చచ్చిన కణానికి బదులు కణం దొరకదు. ఉన్నవాటిని కాపాడుకోవడమే దారి. కాపాడాలంటే దెబ్బ తగులుతోందని ముందే తెలియాలి.

ఓడలు కట్టే చోట పుట్టిన యంత్రం

1953లో స్వీడనులో లుండ్ అనే ఊళ్ళో ఇంగే ఎడ్లర్ అనే గుండె వైద్యుడికి ఛాతీ కొయ్యకుండా గుండె లోపల చూడాలని కోరిక. ఆయనకు తోడు దొరికినవాడు కార్ల్ హెల్మూత్ హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు. పౌనఃపున్యాన్ని హెర్ట్జ్‌లలో కొలుస్తాం కదా, ఆ హెర్ట్జ్ వంశంవాడే ఈయన! ఓడల కర్మాగారంలో ఇనప రేకుల్లో పగుళ్ళు ఉన్నాయేమో చూడడానికి అతిధ్వని యంత్రం వాడేవారు. హెర్ట్జ్ దాన్ని అరువు తెచ్చి తన గుండెకే పెట్టుకుని చూశాడు. తెర మీద ఒక చుక్క గుండెతోపాటు ఎగిరింది. ఎకో పరీక్ష అలా పుట్టింది.

గిలకలదిండి రేవునుంచి వేటకు వెళ్ళే మరపడవల్లో కొన్నింట నీటి లోతును, చేపల గుంపును చూపించే యంత్రం ఉంటుంది. అదీ ఇదీ ఒకటే. ధ్వనిని పంపడం, ప్రతిధ్వని వినడం. ఎకో యంత్రపు కొన మీద ఉన్న స్ఫటికాలు సెకనుకు ఇరవై, ముప్ఫై లక్షల సార్లు కంపిస్తాయి. మన చెవికి అందేది ఇరవై వేల లోపే కనక పరీక్ష చేస్తున్నంతసేపూ మనకేమీ వినబడదు.

ఇప్పుడో చిన్న లెక్క. ఒంట్లో మెత్తటి భాగాల్లో ధ్వని వేగం సెకనుకు 1,540 మీటర్లు. గుండె వెనక గోడ ఛాతీనుంచి 15 సెంటీమీటర్ల లోతున ఉందనుకుందాం. వెళ్ళి రావడానికి 30 సెంటీమీటర్లు. ఎంతసేపు పడుతుంది? సెకనులో అయిదువేలవ వంతు! అంత తొందరగా జవాబు వస్తుంది కనకనే సెకనుకు యాభై, అరవై బొమ్మలు తీయగలరు. గుండె కొట్టుకుంటూంటే సినిమా చూసినట్టు చూడవచ్చు. ఎక్స్‌రే లాంటి కిరణాలేవీ లేవు కనక ఎన్నిసార్లు తీసినా హాని లేదు. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే మన అమ్మాయికి మళ్ళీ మళ్ళీ తీయాలి.

ఇక డాప్లర్ సంగతి. గుడివాడ స్టేషను గట్టు మీద నించున్నప్పుడు కూత పెట్టుకుంటూ వచ్చే బండి దగ్గరవుతుంటే కూత సన్నగా, హెచ్చుగా వినిపిస్తుంది. మనల్ని దాటిపోగానే ఒక్కసారి బొంగురు పోతుంది. ఇలా జరుగుతుందని 1842లో ఆస్ట్రియా దేశపు డాప్లర్ చెప్పాడు. మూడేళ్ళ తరవాత హాలెండులో ఒకాయన రైలుబండి మీద బాకాలు ఊదేవాళ్ళను ఎక్కించి, గట్టు మీద సంగీతం తెలిసినవాళ్ళను నించోబెట్టి నిజమేనని రుజువు చేశాడు. బందరు రాడారులో కదిలేవి వానచినుకులు. గుండెలో కదిలేవి ఎర్రరక్తకణాలు. సూత్రం అదే. రక్తం ఎటు పోతోందో, ఎంత జోరుగా పోతోందో, ఏ కవాటమైనా కారుతోందో ఇలా తెలుస్తుంది. మన డెల్టాలో సముద్రపు పోటునీరు మురుగుకాలువల్లోకి ఎగదన్నకుండా తూములకు తలుపులు ఉంటాయి కదా. గుండె కవాటాల పనీ అదే.

పెద్దవల లాగేవాళ్ళు

గుండె బలాన్ని ఒక అంకెలో చెప్పమంటే డాక్టర్లు చెప్పేది ఇది. ఎడమ జఠరిక నిండినప్పుడు 120 మిల్లీలీటర్ల రక్తం ఉందనుకోండి. కుంచించుకున్నాక 48 మిల్లీలీటర్లు మిగిలింది. బయటకు నెట్టినది 72. నిండినదాంట్లో ఇది 60 శాతం. ఆరోగ్యవంతుల్లో ఈ అంకె ఇంచుమించు 52 నుంచి 74 దాకా ఉంటుంది. క్యాన్సరు మందులు వాడేవారిలో ఇది ముందున్నదానికంటే పది అంకెలు పడిపోయి, 50 కంటే దిగువకు వస్తే గుండెకు దెబ్బ తగిలిందని లెక్క.

చాలా ఏళ్ళు ఈ అంకె మీదనే ఆధారపడ్డారు. 1970లలో దీన్ని కొలవడానికి ఇంకో పద్ధతి కూడా ఉండేది. ఎర్రరక్తకణాలకు టెక్నీషియం అనే రేడియోధార్మిక పదార్థాన్ని తగిలించి, గుండెలోంచి వచ్చే గామా కిరణాలను కెమెరాతో పట్టేవారు. అంకె ఖచ్చితంగా వచ్చేది, కాని పరీక్ష చేసిన ప్రతిసారీ ఒంటికి కొంత కిరణాల మోత. ఆ రోజుల్లోనే గుండెలోంచి చిన్న కండరం ముక్క గిల్లి సూక్ష్మదర్శినిలో చూసేవారు కూడా. అప్పుడొక విచిత్రం బయటపడింది. అంకె బాగానే ఉన్నవాళ్ళలో కూడా కండరం ముక్కలో దెబ్బలు కనిపించాయి!

ఇదెలా సాధ్యం? మంగినపూడి ఒడ్డున పెద్దవల లాగడం మీలో కొందరైనా చూసి ఉంటారు. ఇరవై మంది తాడు పట్టుకుని లాగుతున్నారు. ముగ్గురు అలసిపోయి ఊరికే తాడు మీద చెయ్యేసి నడుస్తున్నారు. మిగతా పదిహేడుగురు పళ్ళు బిగించి ఇంకాస్త గట్టిగా లాగుతారు. వల అంతకుముందు వచ్చినంత వేగంగానే వస్తుంది. దూరం నుంచి వలనొక్కదాన్నే చూసేవాడికి ఏ లోపమూ కనిపించదు. ఇంకో నలుగురు అలసిపోయాక వల ఉన్నట్టుండి ఆగిపోతుంది. రక్తం ఎంత బయటకు వచ్చిందో కొలవడమంటే వలను చూడడం. మనం చూడవలసింది మనుషులను.

ఆ మనుషులను చూసే ఉపాయం గత ఇరవై ఏళ్ళలో స్థిరపడింది. ఎకో బొమ్మను దగ్గరగా చూస్తే గుండె కండరం నున్నగా ఉండదు. ఉప్పూ మిరియాలూ చల్లినట్టు తెల్ల చుక్కలు, నల్ల చుక్కలు ఉంటాయి. కండరంలోని చిన్న చిన్న నిర్మాణాలు ధ్వనిని చెదరగొట్టడంవల్ల ఆ చుక్కలు ఏర్పడతాయి. ఒకప్పుడు అవి బొమ్మను పాడుచేసే మరకలని విసుక్కునేవారు. ఆ మరకలే ఇప్పుడు పనికొచ్చాయి. ఏ చోటి చుక్కల ముగ్గు ఆ చోటిదే, వేలిముద్రలాగ. ఒక బొమ్మనుంచి తరవాతి బొమ్మకు ఆ ముగ్గు ఎటు జరిగిందో కంప్యూటరు వెంటాడుతుంది. వాతావరణశాఖవాళ్ళు ఉపగ్రహం పంపిన వరస బొమ్మల్లో ఒకే మబ్బుతునకను పట్టుకుని గాలి వేగం లెక్కగట్టడం కూడా ఇలాగే.

రెండు చుక్కలు దగ్గరవుతున్నాయంటే ఆ మధ్య కండరం కుంచించుకుంటోందన్నమాట. జఠరిక గోడ పైనుంచి కిందికి 100 మిల్లీమీటర్లు ఉండి, కుంచించుకున్నప్పుడు 80 అయిందనుకుందాం. 20 శాతం పొట్టిదయింది. ఆరోగ్యవంతుల్లో ఈ అంకె ఇంచుమించు ఇరవై ఉంటుంది. దీన్ని స్ట్రెయిన్ అంటారు. గోడ లోపలి పొరలో నిలువుగా పరుచుకున్న పోగులే మొదట అలసిపోతాయి కనక ఈ అంకె ముందుగా పడుతుంది. ఒకే మనిషిలో అది 20 నుంచి 17 కంటే కిందికి దిగిందంటే, అంటే పదిహేను శాతానికి మించి తగ్గిందంటే, హెచ్చరిక జెండా ఎగరేసినట్టే. అప్పటికి రక్తం నెట్టే అంకె ఇంకా 60 దగ్గరే ఉండవచ్చు!

మరి మొదట అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది కదా. 17 అన్నది తక్కువా, ఎక్కువా? మనిషి మనిషికి తేడా ఉంటుంది కనక ఊరికే చెప్పలేం. ఆ అమ్మాయికి మందు ఎక్కించకముందు ఎంత ఉండేదో తెలిస్తేనే దానికి అర్థం. అందుకే ఏ రోగమూ లేనప్పుడు మొదటి ఎకో.

ఎన్నాళ్ళ గడువు?

తుపానుకు ముందు హెచ్చరిక వస్తే జనాన్ని ఖాళీ చేయించవచ్చు. గుండె విషయంలో హెచ్చరిక వస్తే ఏం చేస్తారు? మందు మోతాదు తగ్గించవచ్చు, మరో మందుకు మారవచ్చు. డెక్స్‌రజోక్సేన్ అనే మందును ముందుగా ఎక్కించి గుండెకు కాపలా పెట్టవచ్చు. రక్తపోటుకు వాడే ఎనలాప్రిల్, కార్వెడిలాల్ వంటి మాత్రలు గుండె బరువు తగ్గిస్తాయి. ఈ మాత్రలు కొత్తవీ కావు, ఖరీదైనవీ కావు. వేళే ఖరీదైనది.

ఇటలీలో మిలాను నగరంలో డానియేలా కార్డినాలే అనే గుండె వైద్యురాలి బృందం 2010లో చెప్పిన లెక్క ఇది. ఎర్రమందుల తరవాత గుండె నీరసించిన 201 మందికి ఈ మాత్రలు ఇచ్చారు. క్యాన్సరు మందు ముగిసిన రెండు నెలల్లోపల మాత్రలు మొదలైనవారిలో నూటికి 64 మంది గుండె పూర్తిగా కోలుకుంది. నెలలు గడిచేకొద్దీ ఆ సంఖ్య జారుతూ పోయింది. ఆరు నెలల తరవాత మొదలుపెట్టినవారిలో పూర్తిగా కోలుకున్నవారు ఒక్కరూ లేరు. మందు అదే, గుండె అదే, తేడా అంతా కాలెండరులో ఉంది! ఇందులో చిక్కు ఏమిటంటే, ఆ రెండు నెలల్లో రోగికి సాధారణంగా ఏ బాధా ఉండదు. ఆయాసం వచ్చాక పరుగెత్తుకు వచ్చేసరికి గడువు దాటిపోయి ఉంటుంది.

స్ట్రెయిన్ అంకె పడగానే అందరికీ మాత్రలు ఇచ్చేయాలా, రక్తం నెట్టే అంకె కూడా పడేదాకా ఆగాలా అన్నదాని మీద వైద్యుల్లో వాదం ఇంకా నడుస్తోంది. వాదం ఎలా తేలినా, స్ట్రెయిన్ అంకె పడినవారిని దగ్గరగా గమనించాలన్న విషయంలో తేడా లేదు. దీనితోపాటు రక్తంలో ట్రోపోనిన్ అనే పదార్థాన్ని కూడా చూస్తారు. గుండె కణం పగిలితే అది రక్తంలోకి కారుతుంది. ఎం.ఆర్.ఐ. యంత్రం కండరంలో వాపునూ మచ్చలనూ కూడా చూపిస్తుంది కాని ఖర్చు ఎక్కువ, దొరికే చోట్లు తక్కువ.

గుండెకు దెబ్బ కొట్టేది ఎర్రమందు ఒక్కటే కాదు. 1998లో వచ్చిన ట్రాస్టుజుమాబ్ అనే రొమ్ముక్యాన్సరు మందు కూడా గుండెను నీరసపరచవచ్చు. కాని అది కణాలను చంపడం తక్కువ, సొమ్మసిల్లజేయడం ఎక్కువ. ఆపితే చాలావరకు తేరుకుంటాయి. ఆ మందు వాడేవారికి మూడు నెలలకోసారి ఎకో తీస్తారు. ఛాతీ ఎడమవైపు కిరణాల చికిత్స చేసేటప్పుడు కూడా కిరణాలు గుండెకు తగలకుండా చూసుకోవాలి. రోగిని గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టమంటారు. ఊపిరితిత్తి ఉబ్బి గుండెను కిరణాల దారినుంచి పక్కకు నెడుతుంది! న్యూయార్కులో కిరణాల చికిత్సలో పేరు తెచ్చుకుని 2015లో పద్మశ్రీ అందుకున్న నోరి దత్తాత్రేయుడుగారిది కృష్ణా జిల్లా మంటాడే. గుడివాడ దగ్గర నిమ్మకూరులో పుట్టిన ఎన్.టి.రామారావుగారి భార్య బసవతారకంగారు క్యాన్సరుతో 1985లో పోతే, ఆమె పేరున హైదరాబాదులో క్యాన్సరు ఆసుపత్రి 2000లో తెరిచారు. ఆమె జబ్బుపడిన కాలానికీ ఇప్పటికీ క్యాన్సరు వైద్యం ఎంత మారిందంటే, ఇవాళ డాక్టర్లు రోగి బతుకుతాడా అన్నదాంతో ఆగకుండా, బతికి ముప్ఫై, నలభై ఏళ్ళు ఎలా ఉంటాడో కూడా లెక్క చూసుకోవలసి వస్తోంది.

పిల్లల విషయంలో ఇది మరీ నిజం. సుబ్బారావు రోజుల్లో రక్తక్యాన్సరు వచ్చిన పిల్లలు కొన్ని నెలలు బతికేవారు. ఇప్పుడు మంచి వైద్యం అందిన చోట, పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం రక్తక్యాన్సరులో నూటికి ఎనభై మందికి పైగా నయమవుతోంది. వాళ్ళు పెద్దవాళ్ళవుతారు, ఉద్యోగాలు చేస్తారు, పిల్లల్ని కంటారు. చిన్నప్పుడు ఎక్కించిన ఎర్రమందు గుండెలో కొన్ని కణాలను తీసుకుపోయి ఉంటే, ఆ లోటు పెరిగే వయసులోనో, కాన్పు సమయంలోనో, నలభై ఏళ్ళకో బయటపడవచ్చు. అందుకని వాళ్ళకు ఎకో జీవితాంతం తీయాలి. మొత్తం మోతాదు చదరపు మీటరుకు 250 మిల్లీగ్రాములకు చేరినా, దాటినా రెండేళ్ళకోసారి, 100కూ 250కీ మధ్య ఉంటే అయిదేళ్ళకోసారి అని అంతర్జాతీయ నిపుణుల సలహా.

ఎకో యంత్రం కోసం ఇవాళ హైదరాబాదు దాకా పోనక్కరలేదు. మన అమ్మాయికి చికిత్స ముగిసి, ఆమె అవనిగడ్డలో తొమ్మిదో తరగతిలో చేరిందనుకుందాం. పదేళ్ళ తరవాత ఆమె ఇంకే ఊళ్ళోనో, ఇంకే డాక్టరు ఎదుటో కూర్చుంటుంది. “చిన్నప్పుడు ఏదో ఎర్రమందు ఎక్కించారండీ” అంటే ఆ డాక్టరుకు ఏమీ తెలియదు. కనక చికిత్స ముగిసిన రోజున నాన్న ఆసుపత్రిలో ఒక కాగితం అడిగి రాయించుకోవాలి. దాని మీద మందు పేరు, మొత్తం మోతాదు, మొదటి ఎకోలోని రెండు అంకెలు, ఆఖరి ఎకోలోని రెండు అంకెలు ఉండాలి. పుస్తకాల అట్టలో దాచుకోవడానికి వీలుగా ఒక్క పేజీ చాలు. రెండో నకలు ఇంకో ఇంట్లో, వీలైతే వేరే ఊళ్ళో ఉంచితే మరీ మంచిది. దివిసీమలో 1977లో ఇళ్ళతోపాటు కాగితాలు కూడా కొట్టుకుపోయాయి.